మాట్లాడుకుంటూ ఉరకండి
కొత్తగా పరుగు మొదలుపెట్టేవాళ్ల సందేహాలు - సమాధానాలు

పొద్దున ఐదున్నరకు మంచిర్యాల జెడ్పీ బాలుర హైస్కూల్ గ్రౌండుకు వస్తే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మధ్యలో కానిస్టేబుల్ కొలువు కోసమో ఆర్మీ కోసమో పళ్లు బిగబట్టి ఉరికే పిల్లలు. గోడ పక్కన చేతులూపుకుంటూ నడిచే పెద్దలు. ముప్పై దాటిన మనిషి, ఇంట్లో పిల్లలున్న తల్లి, కొలువులో కుదురుకున్న ఉద్యోగి ఉరకడం మాత్రం అరుదు. మన దగ్గర పరుగంటే ఒక పరీక్ష. స్టాప్‌వాచ్ పట్టుకున్న సారు, పాసో ఫెయిలో. ఆ పరీక్ష రాయాల్సిన వయసు దాటితే పరుగుతో పని తీరిపోయినట్టే అనుకుంటాం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అట్లా అనుకోకుండా గ్రౌండులోకి దిగాలనుకుంటున్నవాళ్లవి. వాటిని చదువుతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది.

సార్, నాకు 38 ఏండ్లు. శ్రీరాంపూర్ ఏరియాల అండర్‌గ్రౌండ్ బాయిల పని చేస్త. బాయిల రోజూ ఎంతో దూరం నడుస్త, బరువులెత్తుత. అసుంటోన్ని గ్రౌండుల సగం రౌండు ఉరికితే ఊపిరాడుత లేదు. ఐదు కిలోమీటర్ల రన్‌ల పాల్గొనాలని కోరిక. నాతోని అయితదా? షిఫ్టులతోని టైం గూడ కుదురుత లేదు.
- ఒక సింగరేణి కార్మికుడు, నస్పూర్

అయితది తమ్ముడూ, తప్పకుండా అయితది. మీ ఊపిరితిత్తుల్లో లోపమేమైనా ఉందేమో ముందు డాక్టరుకు ఒకసారి చూపించుకోండి. బొగ్గు దుమ్ములో పనిచేసేవాళ్లకు అది అవసరం. అక్కడ అంతా బాగుందంటే మీ ఆయాసానికి కారణం ఒక్కటే: మీరు అవసరమైన దానికన్నా రెట్టింపు వేగంతో ఉరుకుతున్నారు.

చిన్నప్పటి నుంచి మనకు తెలిసిన పరుగు ఒక్కటే, గీత మీద నిలబడి విజిల్ వినపడగానే దూకే వంద మీటర్ల పరుగు. ఆ వేగానికి కండరాలు అడిగినంత ఆక్సిజన్‌ను గుండె అందించలేదు. సగం రౌండుకే కాళ్లు బరువెక్కుతాయి, గొంతు ఎండుతుంది. ఐదు కిలోమీటర్ల పరుగు తీరే వేరు. పక్కన ఉరికే మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. "నిన్న రెండో షిఫ్టులో ఏమైందంటే..." అని మొదలుపెట్టి ఆ ముచ్చట పూర్తి చేయగలిగితే మీ వేగం సరైనది. ఒక్కో మాటకు ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించండి. తగ్గించాక నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోయినా సరే, అదే మీ వేగం.

అమెరికాలో జోష్ క్లార్క్ అనే యువకుడు 1996లో తన తల్లి కోసం ఒక పద్ధతి తయారుచేశాడు. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట, తొమ్మిది వారాలు. మొదటి వారం ఒక నిమిషం ఉరకడం, ఒకటిన్నర నిమిషం నడవడం, మళ్లీ ఉరకడం. వారాలు గడిచేకొద్దీ ఉరికే నిమిషాలు పెరుగుతాయి, నడిచే నిమిషాలు తగ్గుతాయి. ప్రపంచమంతటా లక్షల మంది ఇదే దారిలో ఐదు కిలోమీటర్లకు చేరారు. నేను మన గ్రౌండులో చెప్పేది కూడా దాదాపు ఇదే. తేడా ఒక్కటే: నాకు తొమ్మిది వారాల తొందర లేదు. ఒక వారం కష్టంగా గడిస్తే అదే వారాన్ని మళ్లీ చేయించి, ఆ తర్వాతే ముందుకు పోనిస్తాను. పన్నెండు వారాలు పట్టినా మంచిదే. ఎందుకంటే గుండె, ఊపిరి కొద్ది వారాల్లోనే గట్టిపడతాయి. ఎముకలకు, కీళ్ల దగ్గరి స్నాయువులకు నెలలు కావాలి. నాలుగో వారానికి "ఇక నాకు ఆయాసం లేదు" అనిపిస్తుంది, ఉత్సాహంతో దూరం పెంచుతాం, ఐదో వారం పిక్క పట్టేస్తుంది. నా దగ్గరికి వచ్చిన చాలామంది ఇట్లాగే ఆగిపోయారు.

ఇక షిఫ్టులు. మొదటి షిఫ్టు వారంలో ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక సాయంత్రం ఉరకండి. రెండో షిఫ్టు వారంలో రాత్రి ఇంటికొచ్చేసరికే ఆలస్యమవుతుంది కాబట్టి పొద్దున్నే లేచే ప్రయత్నం వద్దు. నిద్ర తీరాకే బయలుదేరండి. నైట్ షిఫ్టు దిగి నేరుగా గ్రౌండుకు రావడం మాత్రం అస్సలు చేయకండి. నిద్ర లేని ఒంటితో ఉరికితే కాలు ఎక్కడ మడతపడుతుందో తెలియదు. ఆ వారం మూడు రోజులు కుదరకపోతే రెండు రోజులతో సరిపెట్టుకోండి. ప్లే డే (వారపు సెలవు) నాడు మీ ప్రగతి స్టేడియంలో తాపీగా కొంచెం ఎక్కువ సేపు నడుస్తూ, ఉరుకుతూ గడపండి. బాయి బూట్లతో మాత్రం వద్దు. ఎట్లాంటి బూట్లు కావాలో కింద రాశాను.

అన్నా, నాకు 31. ఇద్దరు పిల్లలు. బరువు తగ్గాలని నడక మొదలుపెట్టిన, ఇప్పుడు ఉరకాలనిపిస్తుంది. కానీ మా గల్లీల ఎవరన్న చూస్తే ఏమనుకుంటరో అని భయం. ఏం బట్టలు ఏసుకోవాలె? కుక్కలతోని ఎట్ల?
- ఒక గృహిణి, లక్షెట్టిపేట

చెల్లె, ఈ భయం మన గల్లీలో పుట్టింది కాదు. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథ్రిన్ స్విట్జర్ నంబరు పెట్టుకొని ఉరుకుతుంటే నిర్వాహకుల్లో ఒకాయన దారి మధ్యలోకి వచ్చి ఆ నంబరు పీకేయబోయాడు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథాన్ పెట్టింది 1984లోనే. అంతకుముందు అంత దూరం ఆడవాళ్ల ఒంటికి పడదని పెద్ద పెద్దవాళ్లే వాదించారు. మన వరంగల్ దిక్కు కల్లెడ ఊరి జీవంజి దీప్తి చిన్నప్పుడు ఎన్ని మాటలు పడిందో పేపర్లన్నీ రాశాయి. ఆ అమ్మాయే 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కంచు పతకం తెచ్చింది. మీ గల్లీ వాళ్లు ఒక వారం చూస్తారు, రెండో వారం అడుగుతారు. మూడో వారానికి ఒక్కరైనా "నేను గూడ వస్త" అంటారు. ఇది నేను కళ్లారా చూశాను. ఒక చెల్లె మొదట్లో గ్రౌండు గేటు దగ్గర చున్నీ సర్దుకుంటూ, లోపలికి రావాలా వద్దా అని పది నిమిషాలు నిలబడేది. ఇప్పుడు ఆమె వెంట మరో ఐదుగురు వస్తున్నారు. గేటు దగ్గర ఎవరూ ఆగడం లేదు.

బట్టల గురించి: ట్రాక్ ప్యాంటు, వదులు టీషర్టు చాలు. చుడీదార్‌తో కూడా ఉరకొచ్చు, చున్నీని మాత్రం నడుముకు గట్టిగా కట్టుకోండి. తప్పనిసరిగా కొనాల్సింది స్పోర్ట్స్ బ్రా. దాని గురించి మాట్లాడటానికి మొహమాటపడి చాలామంది నొప్పితోనే ఉరుకుతున్నారు. నెలసరి రోజుల్లో ఒళ్లు సహకరిస్తే ఉరకొచ్చు, లేదంటే నడవండి, లేదంటే పడుకోండి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. చిన్న దూరానికే కళ్లు తిరుగుతుంటే, ఎన్ని వారాలైనా ఆయాసం తగ్గకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

కుక్క వెంటబడితే ఉరకడం ఆపేయండి. నిలబడండి, దాని కళ్లలోకి చూడకండి, మెల్లగా పక్కకు నడవండి. ఉరికేకొద్దీ అది వేటాడుతుంది. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానలో రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. రేపు చూద్దాం అనుకోవద్దు.

పోలీస్ కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అవుతున్న. రోజూ 1600 మీటర్లు ఫుల్ స్పీడుల కొడుతున్న. అయినా 8 నిమిషాల కిందికి రాలే. ఇప్పుడు మోకాలి కింద ముందెముక నొప్పి. ఏం చేయాలె సార్?
- ఒక ఉద్యోగార్థి, బెల్లంపల్లి

రోజూ ఫుల్ స్పీడ్ కొట్టడమే ఆ నొప్పికి, ఆ ఎనిమిది నిమిషాలకు కూడా కారణం. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలని పెట్టారు. 7:15 అంటే 400 మీటర్ల ట్రాక్ మీద ఒక్కో రౌండుకు 108 సెకన్ల పైచిలుకు. నువ్వు బహుశా మొదటి రౌండు 95లో కొట్టి, నాలుగోది 140లో ఈడుస్తున్నావు. వాచీ పెట్టుకొని మొదటి రౌండును కావాలని 108లో ముగించి చూడు.

ముందు ఆ నొప్పి తగ్గాలి. రెండు వారాలు పరుగు ఆపి సైకిల్ తొక్కు. ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట సూదిలా పొడిచినట్టు ఉంటే, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉంటే అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. ఎముకల డాక్టరుకు చూపించు. తగ్గాక మీ ఊరి తిలక్ స్టేడియంలో వారానికి నాలుగు రోజులు మట్టి మీద ఉరుకు. మూడు రోజులు మాట్లాడుకుంటూ నాలుగైదు కిలోమీటర్లు, ఒక్క రోజు మాత్రమే వేగం: 400 మీటర్లు 105 సెకన్లలో, రెండు నిమిషాల నడక, మళ్లీ 400, అట్లా ఆరు సార్లు. మెల్లగా ఉరికే ఆ మూడు రోజులే నీ టైం తగ్గిస్తాయి. ఈ మాట నమ్మించడానికి నాకు ప్రతి బ్యాచ్‌తో పెద్ద పనే అవుతుంది. సెలక్షన్ దగ్గరపడ్డాక చెబితే ఎవరూ వినరు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

ఉత్త కాళ్లతోని ఉరకడమే మంచిదని ఫోన్ల వీడియో చూసిన. నిజమేనా? బూట్లకు ఎంత పెట్టాలె?
- ఒక విద్యార్థి, చెన్నూర్

ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్త కాళ్లతో గెలిచాడు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లేసుకొని మళ్లీ గెలిచాడు, అదీ మూడు నిమిషాలు తక్కువలో. అంత దూరం పోవడమెందుకు, మన నాగోబా జాతర ముందు మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచి గోదారి జలం తీసుకుపోతారు. మట్టి మీద, రాళ్ల మీద పెరిగిన పాదాలవి. చెప్పులు, బూట్లలో పెరిగిన పాదాన్ని ఒక్కసారిగా తారు రోడ్డు మీద వదిలితే ఆ బలం దానికి ఎక్కడి నుంచి వస్తుంది? గడ్డి మీద ఐదు నిమిషాలు ఉరికి చూడు, అంతవరకే.

బూట్లు సాయంత్రం కొను, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. దుకాణంలోనే వేసుకొని అటూ ఇటూ ఉరికి చూడు. క్రికెట్ బూట్లు, కాన్వాసువి వద్దు, రన్నింగ్ బూట్లనే అడుగు. ధర కన్నా పాదానికి సరిపోవడం ముఖ్యం.

నేను రిటైర్డ్ ఉద్యోగిని. 61 ఏళ్లు. పదేళ్లుగా షుగరు, బీపీ మాత్రలు వాడుతున్నాను. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను. ఈ వయసులో పరుగు మొదలుపెట్టడం పిచ్చితనమా?
- ఒక పాఠకుడు, మంచిర్యాల

కాదండీ. ఫౌజా సింగ్ 89వ ఏట లండన్ మారథాన్ ఉరికారు. మీరు ఆయన కన్నా ఎంతో చిన్నవారు. కాకపోతే మీరు డాక్టరు గది మీదుగా గ్రౌండుకు రావాలి. ఈసీజీ, అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష, కంటి పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష, ఈ నాలుగూ అడగండి. మీ మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటిది ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా ఉరికేటప్పుడు షుగరు పడిపోవచ్చు. డోసు సంగతి డాక్టరునే అడగండి, మీరు మార్చుకోవద్దు. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, ఆకలి దంచేస్తుంటే వెంటనే నోట్లో వేసుకొని కూర్చోండి. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి వస్తే మాత్రం "గ్యాస్" అని ఇంటికి నడిచి పోకండి. అక్కడే కూర్చొని 108కి ఫోన్ చేయించండి.

ఇంటికి వచ్చాక పాదాలు రెండూ వెలుతురులో చూసుకోండి, వేళ్ల సందులు కూడా. షుగరు ఉన్నవాళ్లకు బొబ్బ వచ్చినా తెలియదు.

ఫౌజా సింగ్ పేరు ఎత్తాను కాబట్టి ఇంకొక మాట. వందేళ్లు దాటినా ఉరికిన ఆ పెద్దమనిషిని వయసు తీసుకుపోలేదు. 2025 జులైలో సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుంటే వాహనం ఢీకొట్టింది. మన చుట్టూ నిజామాబాద్ నుంచి చెన్నూర్ వైపు పోయే 63 నంబర్ హైవే, బెల్లంపల్లి మీదుగా చంద్రాపూర్ వైపు పోయే 363, వాటి మీద రాత్రీ పగలూ బొగ్గు లారీలు. హైవే మీద ఉరకకండి. తప్పనిసరై రోడ్డెక్కితే కుడివైపున, ఎదురొచ్చే బండి కనిపించేటట్టు ఉరకండి. తెల్ల బట్టలు వేసుకోండి, చెవుల్లో పాటలు పెట్టుకోకండి.

ఎండాకాలం ఏం చేయాలె? పరుగు ముందట ఏం తినాలె?
- చాలామంది

మన రామగుండం, మంచిర్యాల వైపు మేలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ నెలలో ఆరు గంటలకల్లా పరుగు ముగించి నీడకు చేరాలి. సాయంత్రం పరుగు వద్దు, అప్పటికి తారు రోడ్డు, గోడలు కాలి సెగలు కక్కుతుంటాయి. కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో దూరం సగం చేయండి. తల తిరిగి, మాట తడబడి, పిచ్చి పిచ్చిగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడకు తీసుకుపోయి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసురుతూ 108ని పిలవండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

పరుగు ముందు సగం అరటిపండు చాలు. వచ్చాక ఉప్పేసిన పలచటి మజ్జిగ, ఒక గ్లాసు జొన్న అంబలి. ఇవి మన ఇళ్లలో ఉండగా సీసాల్లో అమ్మే రంగునీళ్లతో గంటలోపు పరుగుకు పనే లేదు. చెమట మరీ ఎక్కువ పోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోండి. చెంచాలు గోపురంగా కాదు, సమంగా.

సార్, ఏడాదిగా ఉరుకుతున్న. ఇక్కడి 2కె రన్‌లల్ల పాల్గొన్న. ఈసారి హైదరాబాద్ మారథాన్‌ల 10కె కి పేరిద్దామనుకుంటున్న. ఎప్పుడూ పోలేదు. మొదటిసారి పోయేటోనికి ఏం చెప్తరు?
- ఒక ప్రైవేటు ఉద్యోగి, మందమర్రి

అక్టోబరు 31న ఐక్యతా పరుగు, ఇంకా మన దగ్గర అప్పుడప్పుడు పెట్టే 2కె రన్‌లు మంచి ఆరంభం. అయితే వాటిలో జెండా ఊపగానే అందరూ ఒక్కసారి దూకుతారు, వంద మీటర్ల తర్వాత ఫొటోల కోసం ఆగుతారు. రేసు అట్లా ఉండదు.

హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు చివర్లో ఒక ఆదివారం జరుగుతుంది. పేర్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. ఆఖరి వారానికి సీట్లు ఉంటాయని నమ్ముకోకండి. అప్పటికి మీరు ఆగకుండా ఎనిమిది కిలోమీటర్లు, అంటే దాదాపు గంట, ఉరకగలుగుతుంటే చాలు, మిగతా రెండు కిలోమీటర్లు ఆ జనమే ఉరికిస్తారు. మనది గోదారి ఒడ్డు చదును నేల, హైదరాబాద్‌వి ఎత్తుపల్లాలు. నెలకు రెండుసార్లన్నా గాంధారి ఖిల్లా ఎక్కి దిగండి. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చేయండి.

బిబ్, అంటే మనం చెస్ట్ నంబర్ అనేది, రేసుకు ముందే, నిర్వాహకులు పెట్టే ఎక్స్‌పోలో తీసుకోవాలి. అందుకని శనివారం ఉదయానికే హైదరాబాద్‌లో ఉండేటట్టు చూసుకోండి. ఎక్స్‌పోలో కొత్త బూట్లు తక్కువ ధరకు కనిపిస్తాయి. కొంటే కొనండి, కానీ మరునాడు వాటితో ఉరకకండి. నా మొదటి రేసుకు నేను కొత్త సాక్సు వేసుకొని పోయాను. ఆరో కిలోమీటరుకు మడమ మీద తోలు లేచి, మిగతా దూరమంతా ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ ముగించాను. రేసు రోజు ఒంటి మీద ఏదీ కొత్తది ఉండొద్దు.

రాత్రే మంచం మీద అన్నీ పరిచి పెట్టుకోండి. టీషర్టును నేల మీద పరిచి, నంబరును నాలుగు మూలలా నాలుగు పిన్నీసులతో గుచ్చండి. పిన్ను కాగితాన్ని పొడిచి, బట్టలోంచి దూరి, మళ్లీ కాగితంలోకి రావాలి. అట్లా కాకుండా ఒక్క పొడుపుతో వదిలేస్తే చెమటకు తడిసి రెండో కిలోమీటరుకే చిరుగుతుంది. నంబరు వెనక టైం లెక్కించే చిప్ అంటించి ఉంటే మడవకండి. నంబరు వెనకే ఇంటివాళ్ల ఫోన్ నంబర్, మీ బ్లడ్ గ్రూప్ రాయడానికి చోటు ఉంటుంది, పెన్నుతో రాయండి. తొడలు రాసుకునే చోట, చంకల్లో కొంచెం కొబ్బరినూనె. రాత్రి హోటల్ బిర్యానీ వద్దు, పప్పన్నం తినండి. నిద్ర పట్టకపోతే కంగారు వద్దు, అందరికీ అంతే. శుక్రవారం రాత్రి నిద్ర ముఖ్యం.

మొదలయ్యే చోట వెనక నిలబడండి. చిప్ మీరు గీత దాటినప్పటి నుంచే లెక్కపెడుతుంది, వెనక నిలబడితే ఒక్క సెకను కూడా నష్టపోరు. మొదటి రెండు కిలోమీటర్లు అందరూ మిమ్మల్ని దాటిపోతుంటారు, డప్పులు మోగుతుంటాయి, కాళ్లు ఆగవు. అప్పుడే పక్కన ఉన్నవాళ్లతో ముచ్చట పెట్టండి. "ఏ ఊరన్నా మీది?" అని అడగండి. మాట సాఫీగా వస్తే సరైన వేగంలో ఉన్నట్టు. నీళ్లు ఇచ్చే చోట మొదటి బల్లను వదిలి చివరి బల్ల దగ్గర తీసుకోండి, అక్కడ రద్దీ తక్కువ. పరుగు ఆపి, నడుస్తూ తాగండి. డొక్కలో పోటు వస్తే ఊపిరి నిండుగా వదులుతూ ఒక నిమిషం నడవండి, పోతుంది. గంటా పది నిమిషాలో, గంటా ఇరవయ్యో పట్టనివ్వండి. మొదటి రేసుకు ఇచ్చుకోవాల్సిన లక్ష్యం ఒక్కటే, చివరి కిలోమీటరు మొదటిదానికన్నా మెల్లగా కాకూడదు.

నిన్ననే మొదటి 10కె ముగించినం సార్, నేను, మా వదినె! ఇయ్యాళ మెట్లు దిగుతుంటే తొడలు పీకుతున్నయి. మళ్ల ఎప్పుడు ఉరకాలె?
- ఇద్దరు అక్కాచెల్లెళ్లలాంటి వదినామరదళ్లు, రామకృష్ణాపూర్

మీ ఇద్దరి ఉత్తరం చదివి నేను మా ఇంట్లో వాళ్లకు కూడా చదివి వినిపించాను. ఆ నొప్పి రెండో రోజు ఇంకొంచెం పెరుగుతుంది, నాలుగో రోజుకు పోతుంది. నొప్పి మాత్రలు వద్దు. రోజూ ఇరవై నిమిషాలు నడవండి, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకొని పక్కకు తిరిగి దిగండి, పప్పు, గుడ్లు తినండి. ఒక కాలిలోనే నొప్పి ఉండి, వాచి, వారం దాటినా తగ్గకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి. లేదంటే వచ్చే ఆదివారం పొద్దున, వాచీ ఇంట్లో పెట్టి, ఇద్దరూ ఇరవై నిమిషాలు ఉరకండి. రేసు ముచ్చట్లు చెప్పుకోవడానికి ఆ ఇరవై నిమిషాలు సరిపోకపోతే ఇంకో పది కలుపుకోండి.